పెట్టె మీద ఇరవై ప్రయోగాలు, మా బడిలో నిలిచినవి తొమ్మిది

నల్లగొండ జిల్లాలో, మర్రిగూడ వైపున ఉన్న ఒక పల్లె ప్రాథమిక పాఠశాలలో నేను ఉపాధ్యాయుణ్ణి. ఒకటి నుంచి అయిదో తరగతి వరకు కలిపి ముప్పై ఒక్క మంది పిల్లలు, ఇద్దరం ఉపాధ్యాయులం. నిరుడు జూన్‌లో బడి తెరిచిన వారానికి, ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల కోసమని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక సైన్స్ కిట్‌ను 1,499 రూపాయలు సొంతంగా పెట్టి తెప్పించాను. దసరా సెలవులు వచ్చేదాకా ప్రతి శనివారం మధ్యాహ్న భోజనం తర్వాత దానిని ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లల ముందు పెడుతూ వచ్చాను. పెట్టె విప్పిన రోజే ఫైవ్ స్టార్ రేటింగ్ ఇచ్చి రాసిన అభిప్రాయాలు చదివే నేనూ కొన్నాను కాబట్టి, మూడు నెలలు పిల్లల చేతుల్లో నలిగాక ఆ పెట్టెలో ఏది మిగిలిందో, ఏది పనికిరాకుండా పోయిందో రాయడం కొనబోయే తోటి ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను. కంపెనీ పేరు మాత్రం రాయడం లేదు.

పెట్టెలో వచ్చిన సరుకు చెబుతాను. రెండు డ్రాపర్లు, కొలత గీతలున్న ప్లాస్టిక్ కప్పులు నాలుగు, స్టాండుతో పాటు మూడు ప్లాస్టిక్ పరీక్ష నాళికలు, పిడి ఉన్న భూతద్దం ఒకటి, చేతి వేలంత బార్ అయస్కాంతం ఒకటి, చొక్కా గుండీలంత చిన్న అయస్కాంతాలు రెండు, మూడు ఎల్‌ఈడీ బల్బులు, వైరు ముక్కలు, వంట సోడా, నిమ్మ ఉప్పు, ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే లిట్మస్ కాగితాలు పది, ఒక గరాటు, ఇసుక, గులకరాళ్లు, బొగ్గు పొడి పొట్లాలు, కొన్ని బఠానీ గింజలు, రంగుల అట్టముక్కలు, ఒక జిగురు సీసా, ముప్పై రెండు పేజీల రంగుల పుస్తకం. పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఆట వస్తువులకు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి అయిన ఐఎస్ఐ ముద్ర పెట్టె మీద ఉంది. ప్లాస్టిక్ అంచులు ఎక్కడా గీసుకునేలా లేవు, నాళికలు ఎన్నిసార్లు కింద పడినా పగల్లేదు. భూతద్దం మాత్రం ప్లాస్టిక్‌ది కావడం వల్ల రెండో వారానికే గీతలు పడి, చీమను చూస్తే దుమ్ములో తిరుగుతున్న చీమలా కనిపించడం మొదలైంది.

ఇరవై ప్రయోగాలు అన్న మాట దగ్గర మొదటి పేచీ. అందులో ఆరు ప్రయోగాలు కావు, అట్టముక్కలకు రంగులు వేసి అతికించే పనులు. సౌర కుటుంబం బొమ్మకు రంగు వేస్తే పిల్లవాడికి చేతిపని వస్తుందేమో గానీ సూర్యుడి గురించి కొత్తగా తెలిసేదేమీ లేదు. మరో రెండు, ముందే చేసినదాన్ని రంగు నీళ్లతో మళ్లీ చేయించేవి. మిగిలిన పన్నెండింటిలో మా పిల్లలు తమంతట తాముగా మళ్లీ మళ్లీ అడిగి చేసినవి తొమ్మిది. ఆ తొమ్మిదిలోనూ పుస్తకంలో రాసినట్టుగా చేసినవి తక్కువే.

డ్రాపర్ సంగతే తీసుకుందాం. పుస్తకంలో దానికి రంగులు కలపడం తప్ప వేరే పని లేదు. ఒక శనివారం నేను రూపాయి బిళ్ళను బెంచీ మీద పెట్టి, దీని మీద ఎన్ని నీటి చుక్కలు నిలుస్తాయో ముందుగా చెప్పండి అని అడిగాను. అయిదు అన్నవాళ్లు, ఎనిమిది అన్నవాళ్లు, పది అని గట్టిగా పందెం కట్టినవాళ్లు ఉన్నారు. రెండో తరగతి అమ్మాయి ఒకతె మోకాళ్ల మీద కూర్చొని, కళ్లు బిళ్ళకు సమంగా పెట్టి ఒక్కొక్క చుక్కే వదలసాగింది. పది దాటాయి, పదిహేను దాటాయి. వెనక నిలబడ్డవాళ్లు ఊపిరి బిగబట్టారు. "కారుతలేదు సార్, బొజ్జ లెక్క ఉబ్బింది" అని ఆ పిల్ల గుసగుసగా చెప్పింది. ఇరవై ఏడో చుక్కకు నీళ్లు ఒక్కసారిగా జారిపోయాయి. ఆ తర్వాత అరగంట సేపు తరగతి నా చేతుల్లో లేదు. ఎవరో మధ్యాహ్న భోజనం పళ్లాలు కడిగే సబ్బు నీళ్లు తెచ్చారు. సబ్బు కలిపిన నీళ్లయితే అందులో సగం చుక్కలకే కారిపోయాయి. నీటి పైపొర బిగువును సబ్బు సడలిస్తుందన్న మాటను నేను చివరన ఒకే వాక్యంలో చెప్పాను, అప్పటికి అది వాళ్లు కళ్లారా చూసిన విషయం. కిట్‌లో ఉన్నవి రెండే డ్రాపర్లు కావడంతో ఆ రోజు వంతు రాని పిల్లలు అలిగారు. మర్నాడు మెడికల్ షాపులో మరో పది కొనుక్కొచ్చాను.

అయస్కాంతం కూడా ఇలాగే పుస్తకాన్ని దాటిపోయింది. పుస్తకం ప్రకారం పిన్ను అంటుకుంటుంది, రబ్బరు అంటుకోదు. రెండు నిమిషాల్లో అయిపోయే పని. మా పిల్లలు దానిని పట్టుకొని బడంతా తిరిగారు. రూపాయి బిళ్ళ అంటుకుంది, ఇత్తడి రంగు అయిదు రూపాయల బిళ్ళ అంటుకోలేదు. భోజనం పళ్లాల్లో కొన్ని అంటుకున్నాయి, కొన్ని అంటుకోలేదు, అన్నీ స్టీలువే కదా అని గొడవ. స్టెయిన్‌లెస్ స్టీలులో నికెల్ పాలు బాగా ఉన్న రకం సాధారణంగా అయస్కాంతానికి లొంగదనీ, నికెల్ లేని రకం అంటుకుంటుందనీ చెప్పాను. మూడో తరగతి పిల్లవాడు వాగు ఇసుకలో అయస్కాంతాన్ని దున్నినట్టు లాగి, దానికి మీసాల్లా అంటుకొచ్చిన నల్లటి రేణువులను కాగితం మీద దులిపి తెచ్చాడు. ఇసుకలో ఇనుప ఖనిజం ఉంటుందని చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఏ పెట్టెలోనూ రాదు.

ఆ గుండీ అయస్కాంతాల గురించి మాత్రం కొనేవాళ్లను గట్టిగా హెచ్చరించాలి. అవి చిన్నవే గానీ చాలా బలమైనవి. ఇలాంటివి రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కొని, మధ్యన చిక్కిన పేగు గోడను నొక్కి చిల్లు పొడిచే ప్రమాదం ఉంది. అది ప్రాణం మీదకు తెచ్చే సంగతి. పాలపళ్లు ఊడుతున్న వయసులో ఏ వస్తువైనా నోట్లో పెట్టుకొని ఆలోచించే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. పెట్టె తెరిచిన రోజే వాటిని తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను, ఇప్పటికీ బయటికి తీయలేదు. ఆరేళ్ల పిల్లల పెట్టెలో వాటిని పెట్టడాన్ని నేను ఒప్పుకోలేను. బార్ అయస్కాంతం ఒక్కటి చాలు.

అగ్నిపర్వతం లేకుండా ఏ సైన్స్ కిట్టూ రాదు, ఇందులోనూ ఉంది. వంట సోడా మీద నిమ్మ ఉప్పు నీళ్లు పోస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి నురగ పొంగుతుంది. నిమ్మ ఉప్పు పొట్లం మాకు గడ్డకట్టి వచ్చింది, గోరువెచ్చని నీళ్లలో కరిగించాల్సి వచ్చింది. పొంగు చూసి పిల్లలు కేరింతలు కొట్టారు, రెండోసారి చూశారు, మూడోసారికి ఆసక్తి తగ్గింది. నల్లగొండ పిల్లలకు బత్తాయి కొత్త కాదు, నకిరేకల్ నిమ్మకాయలూ కొత్త కాదు. అందుకని రెండింటి రసాలూ ఒక్కో చెంచా కొలిచి, సమానమైన సోడా మీద పోసి చూడమన్నాను. నిమ్మరసానికి కప్పు నిండా నురగ లేచింది, బత్తాయి రసానికి అంచు చుట్టూ కాసిన్ని బుడగలు వచ్చి ఊరుకున్నాయి. "బత్తాయి ఉత్త తీపిదే సార్, పులుపుంటేనే పొంగుతది" అని ఒకడు తేల్చేశాడు. అక్కడి నుంచి చింతపండు పులుసు, మజ్జిగ, మామిడి ఒరుగు నానబెట్టిన నీళ్లు వరుసగా వచ్చాయి. కొలత కప్పులు అసలు పనికొచ్చింది ఇక్కడే.

లిట్మస్ కాగితాలు పదీ మొదటి రోజు పావుగంటలో అయిపోయాయి. వాటికి బదులు పసుపు నీళ్లలో తడిపి ఎండబెట్టిన తెల్ల కాగితాలు ఒక్కరోజులో వంద తయారు చేసుకున్నాం. సున్నం నీళ్లు తగిలితే పసుపు కాగితం ఎర్రబడుతుంది, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. పెళ్లిళ్లలో కాళ్లకు పెట్టే పారాణి పసుపూ సున్నమూ కలిస్తేనే ఎర్రగా అవుతుందని పిల్లల ఇళ్లలో పెద్దవాళ్లందరికీ తెలుసు. మరుసటి వారం ఒక పిల్లవాడి నాయనమ్మ బడి గేటు దాకా వచ్చి, పసుపు డబ్బా ఖాళీ చేసినందుకు నన్నే కోప్పడి, తర్వాత తానే నిలబడి చూసి వెళ్లింది.

ఇక నీటి వడపోత. ఈ కిట్ మీద నా అసలు అభ్యంతరం ఇక్కడే ఉంది. గరాటులో దూది, బొగ్గు పొడి, ఇసుక, గులకరాళ్లు పొరలుగా వేసి బురద నీళ్లు పోస్తే కింద తేట నీళ్లు దిగుతాయి. ప్రయోగం చక్కగా పనిచేసింది, వాన నీటి గుంటలోంచి తెచ్చిన ఎర్ర నీళ్లు మూడోసారి వడకట్టేసరికి దాదాపు తేటపడ్డాయి. పుస్తకంలో ఆ పేజీ చివర, ఇప్పుడు మీ నీరు శుభ్రమైంది అన్న అర్థం వచ్చే వాక్యం, పక్కన గ్లాసు పట్టుకొని నవ్వుతున్న బాబు బొమ్మ ఉన్నాయి. ఆ నీళ్లు తాగకూడదన్న హెచ్చరిక ఆఖరి అట్ట లోపలి వైపు, చీమ తలకాయలంత అక్షరాల్లో ఉంది. నీరు శుభ్రమైందన్న ఆ వాక్యాన్ని మరే జిల్లాలో చదివినా తప్పే, మా మండలంలో చదివితే మరీ తప్పు. ఒక మూడో తరగతి పిల్లవాడు గ్లాసును వెలుతురుకు పట్టి చూసి, "మా తాత తాగిన బోరు నీళ్లు గూడ గిట్లనే తేటగ ఉండె సార్" అన్నాడు. వాళ్ల తాత వంగిపోయిన కాళ్లతో అరుగు మీద కూర్చొని ఉండడం బడికి వచ్చే దారిలో రోజూ అందరం చూస్తాం. కాసేపు నాకు మాట రాలేదు.

మా ప్రాంతపు గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కరిగి బోరు నీళ్లలోకి వస్తుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చని, వేరే దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారి పళ్లూ ఎముకలూ ఎలా పాడవుతాయో మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఎవరినీ అడగనక్కర్లేదు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అయినా కరిగి ఉన్న ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ఇసుకా బొగ్గూ దానిని ఆపలేవు. ఇది ఏడెనిమిదేళ్ల పిల్లలకు ఎలా చూపాలన్నదే ప్రశ్న. తాగే నీళ్లలో చెంచాడు ఉప్పు కరిగించి, ఉతికిన తెల్లగుడ్డను నాలుగు మడతలు వేసి వడకట్టించి, వేలితో తాకి నాలుక మీద పెట్టుకొని చూడమన్నాను. ఉప్పు అలాగే ఉంది. మట్టి ఆగింది గదా, ఉప్పు ఎందుకు ఆగలేదు అని వాళ్లే అడిగారు. కనబడనిది కూడా నీళ్లలో ఉంటుందన్న సంగతి వాళ్లకు ఉప్పు రుచిగా అందింది.

ఆ మరుసటి వారం పటిక ముక్క తెచ్చాను. రెండు గాజు గ్లాసుల్లో ఒకే గుంట నీళ్లు పోసి, ఒకదానిలో పటికను పది చుట్లు తిప్పి తీసేశాం. అరగంటలో ఆ గ్లాసులో మట్టి దూదిపింజల్లా ముద్దకట్టి అడుగుకు దిగింది, రెండోది ఎర్రగానే ఉంది. వెనకటికి కుండలో చిల్లగింజ అరగదీసి నీళ్లు తేర్చేవాళ్లని ఇద్దరు పిల్లలు ఇంట్లో అడిగి తెలుసుకొని వచ్చారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన, నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరుందనీ, అందులో పటికతో పాటు సున్నం, బ్లీచింగ్ పౌడరు కూడా వాడతారనీ చెప్పాను. ఫ్లోరైడ్ ఎంత ఉందో పరీక్షించి దానికి తగ్గట్టు లెక్క కట్టి వేయాలే తప్ప, గ్లాసులో పటిక తిప్పినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదని కూడా అప్పుడే చెప్పాను, ఎందుకంటే ఇంటికి వెళ్లి బోరు నీళ్లలో పటిక వేసి తాగే ఉత్సాహవంతులు మా తరగతిలో ఉన్నారు.

మిగిలినవి తొందరగా చెప్పేస్తాను. బఠానీ గింజలు పాతవి, పది రోజులైనా ఒక్కటీ మొలకెత్తలేదు. తడిదూదిలో మా పెసలు రెండో రోజుకే తోకలు పెట్టాయి. కందులు మొలిచి, కందిపప్పు ఎందుకు మొలవలేదన్న ప్రశ్న వచ్చినప్పుడు నానబెట్టిన గింజను విప్పి, పప్పు చేసేటప్పుడు ఊడిపోయే చిన్న మొలక భాగాన్ని గీతలు పడిన ఆ భూతద్దంతోనే చూశాం. ఎల్‌ఈడీలు మూడింటిలో ఒకటి వెలగలేదు. ఒక్క సెల్‌తో వెలగకుండా రెండు సెల్‌లు వరుసగా పెడితేనే వెలగడం, కాళ్లు తారుమారు చేస్తే ఆరిపోవడం పిల్లలకు మంచి చిక్కుముడిగా పనికొచ్చాయి. అట్ట వంతెన జిగురు పట్టక కూలిపోయింది. మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో, పనికిరాని వస్తువులతో సైన్స్ బొమ్మలు చేసే అరవింద్ గుప్తా అగ్గిపుల్లలనూ సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలనూ జోడించి బొమ్మలు చేయించిన పద్ధతి గుర్తొచ్చి, సైకిల్ షాపులో ఇరవై రూపాయల ట్యూబు కొన్నాను. చతురస్రం వాలిపోతుంది, త్రిభుజం నిలుస్తుంది అన్నది ఆ రోజు పిల్లల వేళ్లకే తెలిసింది.

నీడ గడియారం అట్ట గురించి ఒక మాట చెప్పాలి. అలాంటి గడియారంలో నీడను వేసే పలక వాలు ఆ ఊరి అక్షాంశానికి సరిపోవాలి. నల్లగొండ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కోణమానిని పెట్టి కొలిస్తే అట్ట పలక 29 డిగ్రీలకు కోసి ఉంది, అంటే అది దాదాపుగా ఢిల్లీ పిల్లల గడియారం. దానిని పక్కన పెట్టి ఆవరణలో కర్ర పాతి, గంట గంటకూ నీడ కొసన రాయి పెట్టించాను. మా దగ్గర మే నెల మొదటి పక్షంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి మిట్టమధ్యాహ్నం కర్ర నీడ మాయమవుతుంది. మేలో బడికి సెలవులు, ఆగస్టులో మబ్బులు; ఈ ఏడు కూడా మబ్బే గెలిచింది.

పుస్తకం ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ మాత్రమే ఉంది. తెలుగు లేకపోవడం లోపమే గానీ నన్ను అంతకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది వేరే ఉంది. ప్రతి పేజీలో ఏం జరుగుతుందో పైనే రంగు బొమ్మతో చూపించి, ఆ తర్వాత ఎలా చేయాలో రాశారు. పొంగిన నురగను ముందే బొమ్మలో చూసిన పిల్లవాడికి ఊహించడానికి ఇంకేం మిగులుతుంది? పుస్తకాన్ని పక్కన పెట్టి, నీవేమనుకుంటున్నావు అని అడిగిన ప్రతిసారీ పిల్లలు నోరు విప్పారు; బొమ్మ చూపించిన రోజున బొమ్మలో ఉన్నట్టు వచ్చిందా లేదా అన్నదే చూసుకున్నారు. వెలగని ఎల్‌ఈడీ గురించి ఫోటోతో మెయిల్ పంపితే తొమ్మిదో రోజున జవాబిచ్చి, రెండు కొత్తవి పోస్టులో పంపారు. ఆ మర్యాదను కాదనలేను. తెలుగు పుస్తకం గురించి అడిగితే పరిశీలిస్తామన్నారు.

ఇంట్లో ఒకరో ఇద్దరో పిల్లలుండి, పక్కన కూర్చొని ప్రశ్న అడిగే తీరిక పెద్దవాళ్లకు ఉంటే ఈ పెట్టె కొనవచ్చు, గుండీ అయస్కాంతాలు తీసేసి, పుస్తకం దాచేసి. తీరిక లేకుండా పిల్లవాడి చేతికిచ్చి వదిలేస్తే వారంలో మంచం కిందికి చేరుతుంది. బడికి మాత్రం కొనవద్దనే చెబుతాను, ముప్పై మందికి ఒక్క భూతద్దం చాలదు. నల్లగొండ ప్రకాశం బజారులో ఒక పూట తిరిగితే గాజు భూతద్దాలు, ప్లాస్టిక్ కప్పులు, గరాటులు, పటిక, నిమ్మ ఉప్పు అన్నీ విడివిడిగా దొరుకుతాయి. సూది లేని సిరంజీలూ డ్రాపర్లూ మెడికల్ షాపులో, పాడైపోయిన స్పీకర్ల చుట్టు అయస్కాంతాలు రేడియో మెకానిక్ దగ్గర దొరుకుతాయి. ఈసారి నేను అలాగే కొన్నాను, 1,100 రూపాయల లోపే అయిదు జట్లకు సరిపడా సామాను వచ్చింది.

పాత పెట్టెను పారేయలేదు. అందులో ఇప్పుడు డ్రాపర్లు, పసుపు కాగితాలు ఉంటున్నాయి. మూత లోపలి వైపు రూపాయి బిళ్ళ మీద ఎవరెన్ని చుక్కలు నిలిపారో పిల్లలే స్కెచ్ పెన్నుతో రాసుకుంటున్నారు. ఒకటో తరగతి పిల్లవాడు రాసిన ముప్పై నాలుగు అన్న అంకె చుట్టూ గీత గీసి, పక్కనే ఎవరో "చూసినోళ్లు లేరు" అని రాశారు.